పాత తుపాకీకి ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: మాది మందస దగ్గర పల్లె. మూడెకరాల జీడితోట ఉంది. మా ఊరి పెద్దాయన ఒకరు లైసెన్సుతో వాడుకున్న పాత ట్వెల్వ్ బోర్ సింగిల్ బ్యారెల్ తుపాకీ 40 వేలకు అమ్ముతానంటున్నారు. 10 వేలు అడ్వాన్సు ఇస్తే వేరేవాళ్లకి ఇవ్వనన్నారు. తోటలో ఎలుగుబంట్ల భయం, అడవిపందుల గోల. పేల్చాలన్న సరదా కూడా చిన్నప్పటి నుంచీ ఉంది. నాకున్నది 60 వేల ఎఫ్‌డీ. లైసెన్సుకి ఇంకా దరఖాస్తు పెట్టలేదు. ఎఫ్‌డీ తీయనా, గోల్డ్ లోన్ పెట్టనా?

జవాబు: రెండూ వద్దండి. ఆ అడ్వాన్సు కూడా ఆపండి.

మీకు లైసెన్సు ఇవ్వాల్సింది కలెక్టర్. దానికి పోలీసు విచారణ, ఆరోగ్య సర్టిఫికెట్, ఆయుధం వాడకంలో శిక్షణ తీసుకున్నట్టు సర్టిఫికెట్ కావాలి. అవన్నీ అయ్యాక, ఆ పెద్దాయన ఫలానావాళ్లకి అమ్ముతున్నానని కలెక్టర్‌కో దగ్గరి పోలీస్ స్టేషన్‌కో రాసిచ్చి 45 రోజులు ఆగాలి. ఆయుధాల చట్టంలోనే ఉంది ఆ మాట. ఈరోజు బంగారం కుదువ పెడితే, తుపాకీ గుమ్మం తొక్కకముందే నెలల తరబడి వడ్డీ కట్టుకుంటూ కూర్చోవాలి. లైసెన్సు రాకపోతే ఆ 10 వేలు ఏం చూపించి వెనక్కి అడుగుతారు? వేరేవాళ్లకి ఇచ్చేస్తానంటే టెన్షన్ పడకండి, వాళ్లకీ ఇదే వరస.

బంగారమైతే అవసరానికి గంటలో డబ్బవుతుంది. తుపాకీ అలా కాదు. పక్కింటివాళ్లకి ఒక్కరోజు వాడుకోమని ఇచ్చినా చట్టం దాన్ని బదిలీ కిందే చూస్తుంది, ఇక తాకట్టు మాటెక్కడిది? అమ్ముదామంటే లైసెన్సున్న మనిషి దొరకాలి, మళ్లీ 45 రోజులు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే ఆ 60 వేలే మీకు దిక్కు. దాన్ని ముట్టుకోకండి.

తోట కాపలాకే అయితే ఈ ఖర్చు దండగ. వన్యప్రాణి చట్టంలో ఎలుగుబంటి మొదటి షెడ్యూల్లో ఉంది, అంటే గట్టి రక్షణ ఉన్న జంతువు. అడవిపందిని కూడా మనంతట మనం కాల్చకూడదు. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఆత్మరక్షణ వేరు, కానీ అది నిరూపించుకునేలోపు లాయరు ఫీజే తుపాకీ ధర దాటేస్తుంది. తెల్లారకుండా పిక్కలు ఏరడానికి ఒంటరిగా వెళ్లడం మానేస్తే పైసా ఖర్చు లేదు. పెళ్లిళ్లలో గాల్లోకి పేలుద్దామనుకుంటే 2019 సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

సరదా కోసమే అయితే నేను కాదనను. సరదాకి డబ్బు పెట్టడం తప్పేమీ కాదు, అప్పు చేసి పెట్టడమే తప్పు. ముందు లైసెన్సుకి దరఖాస్తు పెట్టండి. నెలకి 2 వేలు ఆర్‌డీలో వేయండి. ఏడాదికి 24 వేలు, పైన వడ్డీ. మిగతాది జీడిపిక్కలు అమ్మినప్పుడు రెండు మూడు బస్తాల డబ్బు పక్కన పెడితే సరిపోవచ్చు.

ఈలోపు ఆ తుపాకీని లైసెన్సున్న ఆయుధాల దుకాణంలో చూపించమని పెద్దాయన్ని అడగండి. గొట్టం లోపల వెలుతురు పెట్టి చూస్తే తుప్పు తిన్న గుంటలు కనిపిస్తాయి. మూసిన తుపాకీ కీలు దగ్గర వదులుగా ఆడితే మరమ్మతు ఖర్చు ఉన్నట్టే. అన్నిటికన్నా ముఖ్యం తూటా గది, అంటే గొట్టంలో తూటా కూర్చునే చోటు, పొడవు ఎంతన్నది. కొన్ని పాతవాటిలో అది 65 మిల్లీమీటర్లే, ఇప్పుడు 70 మిల్లీమీటర్ల తూటాలూ దొరుకుతాయి. పొడవు తూటా అందులో పట్టేస్తుంది, తుపాకీ మూసుకుంటుంది కూడా. కానీ పేల్చినప్పుడు తూటా మూతి విచ్చుకోవడానికి చోటు చాలక లోపల ఒత్తిడి పెరిగిపోతుంది. పాత గొట్టానికి అది ప్రమాదం. తేలికపాటి సింగిల్ బ్యారెల్ భుజాన్ని గట్టిగానే తంతుంది, శిక్షణలోనే ఒకసారి పేల్చి చూస్తే మీ సరదా ఎంతో మీకే తెలుస్తుంది.

లోపాలేమైనా తేలితే ఆ మేరకు 40 వేలలో తగ్గించమనండి. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. రసీదులో తుపాకీ నంబరు ఆయన లైసెన్సులో ఉన్నట్టే అక్షరం తప్పకుండా రాయించుకోండి.