పాత ఎక్స్‌పల్స్ కొనే ముందు ఎయిర్ ఫిల్టర్ వెనక వేలు పెట్టి చూడండి

38,000 కిలోమీటర్లు తిరిగిన హీరో కంపెనీ మట్టిదారి బైక్ ఎక్స్‌పల్స్ 200 ఒకటి అమ్మకానికి ఉంది, ఇంజిన్ ఎంత అరిగిందో మెకానిక్ కానివాడు ఎలా కనిపెట్టాలి అని అడిగారు. మీది ములుగు, నాది హన్మకొండ. అందుకని ఎక్కడో మహానగరాల్లో కూర్చుని వీడియోలు చేసేవాళ్ల సలహాలు పక్కన పెట్టి మన నేలకు పనికొచ్చే మాట చెబుతాను. ముందు ఆ మీటరు అంకెను మరిచిపోండి. మన దగ్గర ఇంజిన్లను తినేసేది కిలోమీటర్లు కాదు, దుమ్ము. తారు రోడ్డు మీద 60,000 తిరిగిన బండిని కళ్లు మూసుకుని కొంటాను. క్వారీ బాటల్లో 15,000 తిరిగిన బండిని ఊరికే ఇచ్చినా నాకొద్దు.

కరీంనగర్ గ్రానైట్ పేరు విననివాళ్లు ఉండరు. ఆ రాయిలో పలుగురాయి ఉంటుంది. రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా లెక్కించే మోహ్స్ కొలమానంలో దాని కాఠిన్యం 7. అల్యూమినియం పిస్టన్ దాని ముందు ఏ పాటిది? లారీలు తిరిగే బాటల్లో లేచే బూడిద రంగు పొడి ఫిల్టర్ దాటి లోపలికి పోయిందంటే ఇంజిన్ ఆయిల్‌తో కలిసి ముద్దవుతుంది. ఇక పిస్టన్ ఆడిన ప్రతిసారీ దాని చుట్టూ ఉండే రింగులకూ సిలిండర్ గోడకూ నూరుడే. ఎర్రమట్టి బాటల్లోనూ ఇదే కథ, కాస్త నెమ్మదిగా నడుస్తుంది.

నేనింత గట్టిగా ఎందుకు చెబుతున్నానో వినండి. మా బావమరిదికి మట్టిదారి బండి మీద మోజు. మొన్నటి చలికాలంలో కరీంనగర్ అవతల ఒక పల్లెలో టీఎస్ 02 నంబరు ఎక్స్‌పల్స్ ఉందని తెలిసి, మండిబజార్‌లో మా బళ్లన్నీ చూసే మెకానిక్ భాయ్‌ని వెంటబెట్టుకుని వెళ్లాం. 2019లో వచ్చిన కార్బురేటర్ (గాలిలో పెట్రోలు కలిపి ఇంజిన్‌కు అందించే భాగం) రకం అది. అమ్మే అబ్బాయి ఫోనులోనే మూడు మాటలు చెప్పాడు: సింగిల్ ఓనర్, షోరూమ్ కండిషన్, ఇంజిన్ ఇప్పటిదాకా విప్పలేదు. ఈ మూడు మాటలు చెప్పకుండా బండి అమ్మినవాణ్ణి నేనింకా చూడలేదు. నేను ఒక్కటే కోరాను: "తమ్ముడూ, మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయకు." "సరే అన్నా" అన్నాడు.

వెళ్లేసరికి బండి పెళ్లికొడుకులా ముస్తాబై ఉంది. టైర్లకు నల్ల పాలిష్, ఇంజిన్ మీద డీజిల్ కొట్టి తుడిచిన మెరుపు. భాయ్ ఏమీ మాట్లాడకుండా అరచేతిని ఇంజిన్ రెక్కల దాకా తీసుకెళ్లి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. చెయ్యి పెట్టలేనంత వేడి.

"పొద్దున పాలకు వెళ్లొచ్చాను అన్నా" అన్నాడు అబ్బాయి. గేదె వాళ్ల వాకిట్లోనే కట్టేసి ఉంది.

చల్లటి ఇంజిన్ కోసం ఇంత పట్టుదల ఎందుకంటే, అరిగిన ఇంజిన్ అసలు రంగు బయటపడేది అప్పుడే. వాల్వుల దగ్గర ఆయిల్‌ను ఆపే రబ్బరు సీళ్లు పాడైతే బండి ఆగి ఉన్నంతసేపూ ఆయిల్ చుక్కచుక్కగా లోపలికి దిగుతుంది, మొదటి స్టార్ట్‌లో నీలం పొగై బయటికి వస్తుంది. పిస్టన్ వదులైతే మొదటి నిమిషంలో టకటకమంటుంది, వేడెక్కి లోహం వ్యాకోచించగానే ఆ శబ్దం అణిగిపోతుంది. ముందే వేడిచేసి ఉంచాడంటే ఏదో దాస్తున్నాడనే అర్థం. దీనికి వేరే వివరణ ఉందంటే నేను ఒప్పుకోను.

సరే, చల్లారేదాకా కూర్చుంటామన్నాం. వాళ్ల అమ్మ టీ ఇచ్చింది. వాళ్ల నాన్న ఎనుమాముల మార్కెట్‌లో పత్తి ధర గురించి చెబుతూ కూర్చున్నాడు. ఆ సందులో భాయ్ ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత విప్పాడు. లోపల తళతళలాడే కొత్త ఫిల్టర్. బండంతటికీ కొత్తది అదొక్కటే. "మీరొస్తున్నారని నిన్ననే మార్పించాను అన్నా" అన్నాడు అబ్బాయి. భాయ్ ఫిల్టర్ తీసి పక్కన పెట్టి, అక్కడి నుంచి కార్బురేటర్‌కు పోయే రబ్బరు పైపులో వేలు పెట్టి గుండ్రంగా తిప్పాడు. వేలికి బూడిద రంగు జిడ్డు అంటింది. దాన్ని రెండు వేళ్ల మధ్య నలుపుతూ నా చెవి దగ్గర పెట్టాడు. గరగర.

మీరు నేర్చుకోవలసింది ఈ ఒక్క పరీక్షే. ఫిల్టర్‌కు బయటివైపు ఎంత మట్టి ఉన్నా తప్పు లేదు, మట్టిని ఆపడమే దాని పని. కానీ లోపలివైపు, అంటే ఇంజిన్ పీల్చుకునే వైపు, పొడి కనిపించకూడదు. అక్కడ కనిపించిందంటే అంతకు ఎన్నో రెట్లు ఈపాటికే సిలిండర్‌లోకి చేరింది. ఫిల్టర్ కొత్తది వేయడం ఎవరికైనా తెలుసు, ఆ పైపు తుడవాలన్న ఆలోచన ఎవరికీ రాదు. డబ్బా అడుగున ఆయిల్ నిలిచిందేమో కూడా చూడండి. రింగులు అరిగితే మండిన గాలి కిందికి జారి, ఆయిల్‌ను ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ గొట్టం గుండా ఆ డబ్బాలోకి తోస్తుంది.

ఇక్కడే ఇంకో మాట అనాలి. పంక్చర్ దుకాణంలో గాలిపైపు తీసుకుని కాగితం ఫిల్టర్‌ను ధడధడా కొట్టేవాళ్లు ఉన్నారే, వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఒత్తిడికి కాగితంలో కంటికి కనిపించని చిల్లులు పడతాయి. ఫిల్టర్ డబ్బు మిగిలిందని సంబరం, పోయేది ఇంజిన్. బోగత జలపాతం దారిలో రీళ్ల కోసం ముందు చక్రం గాల్లోకి లేపే కుర్రాళ్ల గురించి అయితే చెప్పనే అక్కర్లేదు. బండి అలా నిట్టనిలువుగా లేస్తే ఆయిల్ వెనక్కి పోతుంది, పంపుకు అందదు. అలాంటి బండే రేపు "షోరూమ్ కండిషన్" అంటూ మీ దగ్గరకు వస్తుంది.

మళ్లీ ఆ పల్లెకు వస్తాను. ఇంజిన్ చల్లబడ్డాక స్టార్ట్ చేయించాం. సైలెన్సర్ నుంచి నీలం పొగ భుస్సుమంది. "చలికాలం కదా అన్నా, మంచు" అన్నాడు. అప్పుడు మధ్యాహ్నం పన్నెండు దాటింది. చల్లటి పొద్దున కాసేపు వచ్చే తెల్లటి ఆవిరి వేరు, అది వెంటనే పోతుంది. నల్ల పొగైతే పెట్రోలు ఎక్కువ మండుతున్నట్టు, దానికి భయం లేదు. నీలం పొగ అంటే ఆయిలే. భాయ్ ఊరి చివరిదాకా నడిపి చూశాడు. ఎక్సలరేటర్ ఇచ్చినప్పుడు పొగ వస్తే రింగుల వైపు, వేగంలో ఉండగా ఎక్సలరేటర్ వదిలి మళ్లీ ఇచ్చినప్పుడు వస్తే వాల్వు సీళ్ల వైపు అనుమానించాలని ఆయన లెక్క. ఈ బండి రెండు వేళలా వదిలింది.

అబ్బాయి ఇంకా ఒప్పుకోకపోతే భాయ్ స్పార్క్ ప్లగ్ విప్పాడు. మొన నల్లగా, జిడ్డుగా తడిసి ఉంది. మంచి ఇంజిన్‌లో అది లేత ఇటుక రంగులో పొడిగా ఉంటుంది. ఆ రంధ్రంలో సిలిండర్ ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ గేజీ బిగించి, ఎక్సలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని ఇంజిన్‌ను తిప్పించాడు. ముల్లు నీరసంగా లేచింది. రంధ్రంలో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ తిప్పిస్తే ముల్లు బాగా పైకి వెళ్లింది. పోసిన ఆయిల్ రింగుల చుట్టూ సందులు మూసింది కాబట్టి ఒత్తిడి పెరిగింది. అంటే అరిగినవి రింగులు, బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ). ఆయిల్ పోసినా ముల్లు కదలకపోయి ఉంటే వాల్వులు సరిగా మూసుకోవడం లేదనేవాళ్లం. ఈ పరీక్షకు పెద్ద సమయమేమీ పట్టదు, గేజీ ఉన్న మెకానిక్‌ను తీసుకెళ్లండి చాలు.

అడిగిన ధర 75,000. 2019లో ఆ రకం కొత్తగా వచ్చినప్పుడే ఢిల్లీ ఎక్స్ షోరూమ్ ధర 97,000. "బోరు, పిస్టన్, వాల్వులు కలిపి పదిహేను వేలకు తక్కువ కాదు బేటా, అవి తగ్గించి మాట్లాడు" అన్నాడు భాయ్. అబ్బాయి తల అడ్డంగా ఊపాడు. వాళ్ల నాన్న మాత్రం భాయ్ వైపు తిరిగి "దీని మీదే రోజూ క్వారీకి పోతాడు" అని ఉన్న మాట చెప్పేశాడు. మా బావమరిది ముఖం వేలాడేశాడు. వాడికి ఆ బండి రంగు నచ్చింది మరి. జనం బండి కొనేది స్టిక్కరు చూసి.

తర్వాత జనగామలో ఒక మాస్టారి దగ్గర కొన్నాం. 50,000 దాటిన బండి, ఒంటినిండా మట్టి, కడగనైనా లేదు. రోజూ హైవే మీద బడికి వెళ్లొచ్చిన బండి. రబ్బరు పైపులో వేలు పెడితే వేలు శుభ్రంగా వచ్చింది. ఇప్పటికీ పొగ లేదు.

మీరు చూస్తున్న 38,000 బండి మీ ములుగు వైపుదే అయితే క్వారీ పొడి భయం తక్కువ, నీళ్ల భయం ఎక్కువ. వానాకాలం వాగుల్లో, మేడారం జాతరప్పుడు జంపన్న వాగులో దింపిన బళ్లు చాలా ఉంటాయి. ఆయిల్ మూత విప్పి లోపలివైపు చూడండి. మూతకు పలుచగా అంటిన నురగ చలికాలంలో దగ్గరి దూరాలు తిప్పే బండికి మామూలే. ఆయిల్ మొత్తం పాల టీ రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టే, బేరం అక్కడే ఆపేయండి. రంగు బాగుంటే కొంచెం ఆయిల్ తెల్ల కాగితం మీద పోసి ఎండలో పెట్టి చూడండి. మెరిసే రేణువులు కనిపిస్తే లోపల బేరింగో గేరో అరుగుతోంది. అమ్మేవాడు నిన్ననే ఆయిల్ మార్చానంటే పాత ఆయిల్ ఎక్కడ పోశావని అడగండి, చాలామంది దాన్ని గడపలకూ గేట్లకూ పూయడానికి సీసాలో దాచుకుంటారు, దొరికితే ఆ పాత ఆయిల్‌నే చూడండి.