కథలు రాయనివ్వండి, బీకాం మాననివ్వకండి

ప్రశ్న: మా అబ్బాయి బీకాం రెండో ఏడు. రాత్రింబవళ్లు క్రైమ్ కథలు రాస్తున్నాడు. కాలేజీ మానేసి ఇదే వృత్తిగా పెట్టుకుంటాడట. వందేళ్ల కిందట అమెరికా పత్రికల్లో డిటెక్టివ్ కథలు రాసి పేరు తెచ్చుకున్నవాళ్లు డిగ్రీలు చదివారా అని ఎదురు ప్రశ్న. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చెప్పమంటారు? - ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీవాడు చెప్పేది సగం నిజం. మిగతా సగం కూడా తెలిస్తే మీరు వాదించే పనే ఉండదు.

అతను చెబుతున్నవి పల్ప్ పత్రికలు. చెక్కగుజ్జుతో చేసిన నాసిరకం కాగితం మీద అచ్చయ్యేవి కాబట్టి ఆ పేరు. 1920లో మొదలైన ‘బ్లాక్ మాస్క్’ వాటిలో క్రైమ్ కథలకు పెట్టింది పేరు. రచయితకు డబ్బు పదాల లెక్కన ఇచ్చేవాళ్లు.

చదువుకోనివాడంటే మీవాడి మనసులో డాషియల్ హామెట్ ఉండుంటాడు. ఆయన చిన్నప్పుడే బడి మానేసిన మాట నిజమే. కానీ 1915లో పింకర్టన్ డిటెక్టివ్ ఏజెన్సీలో చేరి, జీతానికి మనుషుల వెంట నీడలా తిరిగాడు. క్షయ వచ్చి ఆ పని సాగక 1922లో కథలు మొదలుపెట్టాడు. ఆయన కథల్లో ఒక డిటెక్టివ్‌కి పేరే ఉండదు, ఏజెన్సీ ఉద్యోగి అంతే. జరిగింది జరిగినట్టు, ఆఫీసుకి రిపోర్టు ఇస్తున్నట్టు చెబుతాడు. ఆ తీరు ఆయనకి ఆ ఉద్యోగం వల్లే వచ్చింది.

ఎర్ల్ స్టాన్లీ గార్డ్‌నర్ కాలిఫోర్నియాలో లాయరు. పగలు కోర్టు, రాత్రి టైప్‌రైటర్. ఒకసారి బ్లాక్ మాస్క్ ఆయన కథ తిప్పి పంపింది. ఆ కథను చీల్చి చెండాడుతూ ఆఫీసువాళ్లు తమలో తాము రాసుకున్న చీటీ కూడా పొరపాటున కవర్లో వచ్చేసింది. ఆయన ఆ చీటీ ఎదురుగా పెట్టుకుని కథంతా తిరగరాశాడు. వేళ్లు చిట్లి రక్తం వస్తుంటే ప్లాస్టర్ చుట్టుకుని టైప్ చేశాడు. 1923లో ఆ కథ అదే పత్రికలో వచ్చింది.

మీవాడికి అందరికన్నా దగ్గరివాడు రేమండ్ చాండ్లర్. లాస్ ఏంజిలిస్‌లో ఒక చమురు కంపెనీలో లెక్కలు చూసే పనిలో చేరి, వైస్ ప్రెసిడెంట్ దాకా ఎదిగాడు. 1932లో, 44 ఏళ్ల వయసులో, తాగుడు వల్ల ఆ ఉద్యోగం పోయింది. అప్పుడు కూర్చుని కథ రాయడం నేర్చుకున్నాడు. గార్డ్‌నర్ కథ ఒకటి తీసుకుని ఏం జరిగిందో వివరంగా నోట్స్ రాసుకుని, దాన్నిబట్టి కథ మొత్తం తన మాటల్లో రాసి, అసలు కథతో పోల్చి చూసుకునేవాడు. ఎక్కడ తేలిపోయిందో అక్కడ మళ్లీ రాసేవాడు. రాయాలనుకునే ప్రతి పిల్లవాడికీ నేను చెప్పే అభ్యాసం ఇదే.

ఆయన మొదటి కథకి 5 నెలలు పట్టింది. 1933 డిసెంబరులో అచ్చయింది. పదానికి ఒక సెంటు చొప్పున చేతికొచ్చింది 180 డాలర్లు. నెలకి ఎంత పడిందో మీ అబ్బాయినే లెక్క వేయమనండి. అలా పదాలు లెక్కపెట్టి డబ్బిచ్చిన ఆ పత్రికల కాలం కూడా ఎప్పుడో పోయింది.

అందుకే బీకాం పూర్తి చేయాల్సిందే. పైగా క్రైమ్ రాసేవాడికి అకౌంట్స్ తెలియడం వరం. షికాగో గ్యాంగ్‌స్టర్ అల్ కపోన్ అంతటివాడిని 1931లో దోషిగా నిలబెట్టింది ఆదాయపు పన్ను ఎగవేత కేసు. డిగ్రీ అయ్యాక లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరవచ్చు. ఓసీలకు డిగ్రీలో 45 శాతం మార్కులు ఉండాలి. లేదంటే ఆడిట్ ఆఫీసులో చేరవచ్చు. ఓచర్లు ఒక్కొక్కటే తిరగేస్తుంటే, ఒకే చేతిరాతతో నాలుగు వేర్వేరు షాపుల బిల్లులు కనిపించిన రోజున అతనికి కథ దొరుకుతుంది. నన్నడిగితే కోర్టు వైపే మొగ్గుతాను. అక్కడ మనుషులు మాట్లాడే తీరు చెవిన పడుతుంది.

రాయడం మాత్రం ఒక్క రోజూ ఆపవద్దనండి. రాత్రి ఒక గంట చాలు. పరీక్షల నెలలో అరగంట.

మీరు చేయాల్సింది కూడా ఒకటుంది. ఈ ఆదివారం అతని కథ ఒకటి అడిగి తీసుకుని చివరిదాకా చదవండి. ఎక్కడ నమ్మబుద్ధి కాలేదో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టి ఇవ్వండి.