అప్పు చేసి విక్టోరియా కాలపు స్టాంపులు కొనవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. చాలా ఏళ్లుగా కెనడాలోని మిస్సిసాగాలో ఉంటున్నాం. నాకు 42 ఏళ్లు. సొంత కార్పొరేషన్ పేరు మీద సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టులు చేస్తాను. నా భార్య డేకేర్‌లో పార్ట్‌టైమ్ పని చేస్తుంది. ఇద్దరు పిల్లలు. ఇంటి వాయిదాతో కలిపి నెలకు సుమారు 6,400 డాలర్ల ఖర్చు ఉంది. బ్యాంకులో 9,000 డాలర్లు ఉన్నాయి. కెనడా పాత స్టాంపులనూ, వాటిలోని ముద్రణ తేడాలనూ సేకరించడం నాకు ఇష్టం. నా ఆల్బంలు బేస్‌మెంట్‌లో ఉన్నాయి. ఇటీవల మరణించిన ఒక పెద్దాయన సేకరణను ఆయన కుటుంబం 38,000 డాలర్లకు ఇస్తామంటోంది. అందులో 1859 నాటి సెంట్ల శ్రేణి, లార్జ్ క్వీన్స్, స్మాల్ క్వీన్స్ (విక్టోరియా రాణి బొమ్మ ఉన్న పెద్ద, చిన్న సైజు స్టాంపులు) ఉన్నాయి. జాబితా జత చేశాను. క్యాటలాగ్ ప్రకారం వాటి విలువ 90,000 డాలర్లు. హెలాక్ (ఇంటిని పూచీ పెట్టి, కావలసినప్పుడు వాడుకునే బ్యాంకు అప్పు) నుంచి 30,000, ఆరు నెలల పాటు వడ్డీ లేని క్రెడిట్ కార్డు చెక్కు మీద 8,000 తీసుకుందామనుకుంటున్నాను. అత్యవసరమైతే కొన్ని స్టాంపులు అమ్ముకోవచ్చు కాబట్టి వేరే అత్యవసర నిధి అక్కర్లేదనిపిస్తోంది. ఇది మంచి పెట్టుబడేనా?

జవాబు: కాదు. అయితే మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం చివరి ప్రశ్న కంటే దాని ముందున్న వాక్యం. ‘అత్యవసరమైతే అమ్ముకోవచ్చు’ అన్న మాటను కొందరు బంగారం గురించి, కొందరు ఊళ్లో కొని పడేసిన స్థలం గురించి, మరికొందరు ఇంకా వాడని హెలాక్ పరిమితి గురించి రాస్తుంటారు. అమ్మితే తప్ప చేతికి రాని వస్తువునూ, బ్యాంకు దయతలిస్తే తప్ప దొరకని అప్పునూ దాచుకున్న డబ్బుగా లెక్కగట్టడం మన కుటుంబాల్లో మామూలైపోయింది. బంగారాన్నయితే మర్నాడు తాకట్టు పెట్టి ఎంతో కొంత తెచ్చుకోవచ్చు. మీరు కొనబోయే సరుకుకు ఆ మాత్రం వెసులుబాటు కూడా లేదు. ఎందుకు లేదో మీకు బాగా తెలిసిన ఆ ఆల్బంల నుంచే చెబుతాను.

మూడు సెంట్ల స్మాల్ క్వీన్‌ను తీసుకోండి. 1870 నుంచి 1897 వరకు దేశంలో మామూలు ఉత్తరానికి అంటించింది దాన్నే కాబట్టి కోట్ల కొద్దీ అచ్చయింది. తపాలా ముద్ర పడిన సాధారణ ప్రతి నేటికీ ఒక కాఫీ ధర దాటదు. బ్రిటిష్ అమెరికన్ బ్యాంక్ నోట్ కంపెనీ దాన్ని మొదట ఒట్టావాలో, ఆ తర్వాత మాంట్రియల్‌లో, 1880ల చివర నుంచి మళ్లీ ఒట్టావాలో ముద్రించింది. తొలినాళ్ల ఇండియన్ రెడ్ ఛాయ, మాంట్రియల్ కాలపు 11½×12 పెర్ఫరేషన్ (చింపడానికి అంచున వేసే రంధ్రాల కొలత), ఒట్టావా మలి కాలపు వెర్మిలియన్ వంటి తేడాలను పట్టుకోగల కన్నున్న వారే ఆ తేడాకు డబ్బు ఇస్తారు. మిగిలిన వారికి అది ఎర్రటి పాత స్టాంపు మాత్రమే. బీవర్ జంతువు బొమ్మ ఉన్న అయిదు సెంట్ల స్టాంపులో జలపాతం మధ్య బండరాయిలా కనిపించే ప్లేటు మచ్చ (అచ్చు పలకలోని లోపం వల్ల పడినది) ఉన్న ప్రతికీ ఇదే వర్తిస్తుంది. భూతద్దం కింద మీకు కనిపించే ఆ చుక్కను వెతుక్కుంటూ వచ్చే వారు ఏ ఊళ్లోనైనా వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మందే ఉంటారు.

1851 నాటి పన్నెండు పెన్నీల నల్ల స్టాంపు 1,450 ప్రతులే అమ్ముడయ్యాయని సేకరణ మొదలుపెట్టిన పిల్లవాడికి కూడా తెలుసు. అలాంటి పేరున్న అరుదైన స్టాంపు ఎక్కడైనా కొనేవారిని తెచ్చుకుంటుంది. ముద్రణ తేడాల వ్యవహారం అందుకు పూర్తిగా వేరు. తేడా ఎంత సూక్ష్మమైతే దానికి తగిన కొనుగోలుదారు కోసం అంత ఎక్కువ కాలం కాచుకోవాలి. ఆగలేని వాడు దాన్ని మామూలు స్టాంపు ధరకే వదులుకోవాలి. అత్యవసరం అంటేనే ఆగలేకపోవడం.

మీరు పంపిన జాబితాలో ఎక్కువ విలువ కట్టినది పది సెంట్ల ప్రిన్స్ కన్సార్ట్ (విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ బొమ్మ ఉన్న స్టాంపు) పుట. అమెరికన్ బ్యాంక్ నోట్ కంపెనీ న్యూయార్క్‌లో 1859 నుంచి 1868 దాకా దాన్ని ఎన్నోసార్లు ముద్రించింది. సిరా కలిపిన ప్రతిసారీ రంగు కాస్త మారి గోధుమ, ఊదా, ఎర్ర ఊదా ఛాయల వరుసే ఏర్పడింది. పెర్ఫరేషన్ కూడా 11¾ నుంచి 12కు మారింది. తొలి ముద్రణకు చెందిన బ్లాక్ బ్రౌన్ (నలుపు కలిసిన గోధుమ) ప్రతికి తర్వాత వచ్చిన మామూలు ఎర్ర ఊదా ప్రతి కంటే ఎన్నో రెట్ల ధర పలుకుతుంది. సరిగ్గా అందుకే ముదురు గోధుమ ఛాయలోని తర్వాతి ముద్రణలనూ, కాలంతో నల్లబడిన ప్రతులనూ బ్లాక్ బ్రౌన్ అని రాసి అమ్మడం పరిపాటి. ఆ కుటుంబం మోసం చేస్తోందని నేను అనడం లేదు. పెద్దాయన తన ఆల్బంలో పెన్సిలుతో రాసుకున్నదాన్నే వారు నమ్మి ఉంటారు. అయినా టొరంటోలోని విన్సెంట్ గ్రేవ్స్ గ్రీన్ ఫౌండేషన్ వంటి నిపుణ సంస్థ ధ్రువపత్రం లేకుండా రేపు మీ దగ్గర ఎవరూ ఆ ధరకు కొనరు. ఇప్పుడు మీ అత్యవసరం ఎలా గడుస్తుందో ఊహించండి. స్టాంపును పరీక్షకు పంపాలి, పత్రం వచ్చే దాకా ఆగాలి, వేలం సంస్థకు అప్పగించాలి, వారి తదుపరి వేలంలో చోటు దొరకాలి, పాట ముగిశాక చెల్లింపు కోసం మళ్లీ ఎదురు చూడాలి. ఇంటి వాయిదా మాత్రం ఒకటో తారీఖునే ఖాతాలోంచి పోతుంది.

రెండు సెంట్ల లార్జ్ క్వీన్ లెయిడ్ కాగితం (తయారీలోనే సమాంతర గీతలు పడిన కాగితం) మీద అచ్చయినవి ఇంతవరకు మూడే బయటపడ్డాయి. పాత సేకరణ దొరికినప్పుడల్లా వెలుతురుకు ఎదురుగా పట్టి ఆ సమాంతర గీతల కోసం వెతకడంలోని సరదా నాకు తెలుసు. ఆ సరదాకు ఇంటిని పూచీ పెట్టడం నాకు మింగుడు పడదు.

క్యాటలాగ్ విలువ 90,000 అన్నారు. 1859 శ్రేణిలో, లార్జ్ క్వీన్స్‌లో బొమ్మ సరిగ్గా మధ్యలో కుదిరిన ప్రతులు తక్కువ. చాలా వాటిలో ఒక వైపు పెర్ఫరేషన్ బొమ్మ అంచునే తినేస్తుంది. క్యాటలాగ్ ధర కట్టేది మీరు చూస్తున్న అలాంటి స్టాంపుకు కాదు. పోనీ ధర న్యాయమైనదే అనుకుని లెక్క వేద్దాం. అప్పు మొత్తం మీద సగటున 7 శాతం వడ్డీ పడుతుందనుకుంటే ఏడాదికి 2,660 డాలర్లు, అయిదేళ్లకు 13,300. అసలు పైసా తీరదు. అంటే మీకు పడిన ధర 51,300. అమ్మేటప్పుడు వేలం సంస్థ మీ నుంచి 15 శాతం కమీషన్ తీసుకుంటుందనుకుంటే, అంత సొమ్ము చేతికి రావడానికి పాట సుమారు 60,350 దగ్గర ఆగాలి. కొనేవారు దాని మీద వేలం సంస్థకు 20 శాతం ప్రీమియం, ఆపై ఒంటారియోలో 13 శాతం హెచ్‌ఎస్‌టీ (అమ్మకపు పన్ను) కట్టాలి కాబట్టి వారి జేబులోంచి దాదాపు 81,800 డాలర్లు వెళ్లాలి. ఇదంతా మీరు నష్టపోకుండా బయటపడటానికి మాత్రమే. లాభం మాట ఇంకా మొదలే కాలేదు.

ఇక అప్పు సంగతి. హెలాక్ వడ్డీ బ్యాంకుల ప్రైమ్ రేటుతో (మూల వడ్డీ రేటుతో) పాటే కదులుతుంది. 2022 మార్చి నుంచి 2023 జులై మధ్య బ్యాంక్ ఆఫ్ కెనడా కీలక రేటు 0.25 శాతం నుంచి 5 శాతానికి వెళ్లినప్పుడు హెలాక్ ఉన్న ఇళ్లలో ఏం జరిగిందో మీరు మిస్సిసాగాలో ఉండి చూశారు కదా. పైగా మీ పరిస్థితి మారిందనుకుంటే బ్యాంకు పరిమితిని తగ్గించవచ్చు, బాకీ తీర్చమని అడగవచ్చు. మీ పని పోయిన నెలలోనే అది జరగడం అసాధ్యమేమీ కాదు. స్టాంపులు వడ్డీనో డివిడెండునో ఇచ్చే ఆస్తి కాదు కాబట్టి ఈ అప్పు మీద కట్టే వడ్డీకి ఆదాయపు పన్నులో మినహాయింపు కూడా రాదు. క్రెడిట్ కార్డు చెక్కు గురించి మర్యాదగా రాయడం కష్టం. ముందే రుసుము పట్టుకుంటారు. ఆరు నెలల్లో తీర్చాలంటే నెలకు 1,300 డాలర్లకు పైగా కట్టాలి. మీ దగ్గర అంత మిగులు ఉంటే 9,000 దగ్గర ఆగిపోయి ఉండేవారు కారు. గడువు దాటితే 20 శాతం దరిదాపుల్లో వడ్డీ మొదలవుతుంది. ఇల్లు ఇద్దరి పేరా ఉంటే హెలాక్ కాగితాల మీద మీ భార్య సంతకం కూడా కావాలి. ఈ లెక్కలన్నీ ఆవిడ ముందు పెట్టిన తర్వాతే ఆ సంతకం అడగండి.

నేను పట్టుబట్టి చెప్పదలచింది అత్యవసర నిధి గురించి. సొంత కార్పొరేషన్‌లో ఓటు హక్కున్న షేర్లలో 40 శాతానికి మించి మీ చేతిలో ఉంటే మీ పని ఉపాధి బీమా కిందకు రాదు. కాంట్రాక్టు ముగిసిన మర్నాటి నుంచి మీకు వచ్చేది సున్నా. నోటీసు జీతం లేదు, యజమాని ఇచ్చే సెలవు జీతం లేదు. ఉద్యోగికి మూడు నెలల నిధి చాలని చెప్పే సందర్భాలు ఉంటాయి గానీ, మీలాంటి వారికి ఆరు నెలలు కనీస హద్దు. ఆరు నెలల ఖర్చు 38,400 డాలర్లు. ఆల్బంలకు పెట్టబోయే సొమ్ముకు ఇది దాదాపు సమానం. ఇప్పుడు చేతిలో ఉన్నది నెలన్నర కూడా దాటదు. వచ్చే కాంట్రాక్టు ఆలస్యమై, అదే సమయంలో గుంటూరులో పెద్దవారికి ఒంట్లో బాగాలేదని కబురు వస్తే రెండు రోజుల్లో నాలుగు విమాన టికెట్లు కొనాలి. ఆ డబ్బు పొదుపు ఖాతాలో ఉండాలి, ఆల్బంలో కాదు. టీఎఫ్ఎస్ఏలో (రాబడి మీద పన్ను లేని ఖాతాలో) చోటు ఉంటే అక్కడే పొదుపు ఖాతా రూపంలో పెట్టండి. షేర్లూ వద్దు, గడువుకు ముందు తీయనివ్వని జీఐసీ (ఫిక్స్‌డ్ డిపాజిట్ వంటిది) కూడా వద్దు. హెలాక్‌ను తెరిచి ఉంచుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. అయితే దాన్ని నిధి అని పిలవకండి.

బీమా విషయంలో రెండు మాటలు. కాంట్రాక్టు పని చేసే మీకు జబ్బు పడితే ఆదుకునే డిజెబిలిటీ బీమా ఉందో లేదో రాయలేదు. లేకపోతే నిధి తర్వాత మొట్టమొదటి ఖర్చు అదే. రెండోది, మీ ప్రస్తుత ఆల్బంలు బేస్‌మెంట్‌లో ఉన్నాయని రాశారు. 2024 జులై వానలకు మిస్సిసాగాలో ఎన్ని బేస్‌మెంట్లు మునిగాయో మీకు తెలుసు. నీరు రానక్కర్లేదు, తేమ చాలు. వాడని స్టాంపు వెనక జిగురు మెత్తబడి పుటకు అతుక్కుపోతే దానికి మునుపటి విలువ మళ్లీ రాదు. మామూలు ఇంటి పాలసీల్లో స్టాంపుల సేకరణకు చిన్న పరిమితి పెడతారు, మురుగు నీరు వెనక్కి తన్నిన నష్టానికి విడిగా రక్షణ తీసుకోవాలి. ఈ వారమే ఆల్బంలను పై అంతస్తుకు మార్చి, ఒక్కో పుటకు ఫోటో తీసి, పాలసీలో ఆ రెండు నిబంధనలు చదవండి.

మిగిలినవి ఒక్క మాటలో: పిల్లల ఆర్ఈఎస్పీలో (చదువు కోసం దాచే ఖాతాలో) ఒక్కొక్కరికి ఏటా 2,500 వేస్తే ప్రభుత్వం 500 కలుపుతుంది కాబట్టి నిధి నిండాక ముందు అది, ఆ తర్వాతే ఇతర మదుపులు.

మరి ఆ పెద్దాయన సేకరణ? మొత్తంగా కొనే ఆలోచన మానండి. సేకరణను వేలం సంస్థకు అప్పగించమని ఆ కుటుంబానికి మీరే చెప్పండి. సాధారణంగా అక్కడ దాన్ని లాట్లుగా (విడివిడిగా పాటకు పెట్టే భాగాలుగా) విడగొడతారు, కీలకమైన ప్రతులకు ధ్రువపత్రం తెప్పిస్తారు, ఆ కుటుంబానికీ బజారు ధర ఎంతో తెలుస్తుంది. మీకు నిజంగా కావలసింది ప్రిన్స్ కన్సార్ట్ ఛాయల వరుస అయితే, అందులో ఒకటో రెండో లాట్లకు పాట పాడుకోవచ్చు. అందుకు నెలనెలా మిగులులోంచి విడిగా పక్కన పెట్టిన సొమ్ము మాత్రమే వాడాలి, అది కూడా నిధి సగమైనా నిండాకే. ఎప్పుడైనా అమ్మితే పన్ను లెక్కలో స్టాంపులు లిస్టెడ్ పర్సనల్ ప్రాపర్టీ కిందకు వస్తాయి. కొన్న ధర, అమ్మిన ధర 1,000 డాలర్ల కంటే తక్కువున్నా వెయ్యిగానే లెక్కిస్తారు. నష్టం వస్తే దాన్ని ఈ కోవ ఆస్తుల లాభం నుంచి మాత్రమే తీసివేయనిస్తారు, జీతం నుంచో షేర్ల లాభం నుంచో కాదు. కాబట్టి కొన్న ప్రతి లాటు రసీదునూ, ధ్రువపత్రం నకలునూ ఆల్బంలతో కాకుండా పన్ను కాగితాలతో కలిపి ఉంచుకోండి.