మూతి వంకర పోయింది, ఒక కన్ను మూతపడట్లేదు: గాలి కొట్టడమా, పక్షవాతమా?

పొద్దున పుక్కిలిస్తుంటే నీళ్లు ఎడమ పక్క నుంచి కారిపోయాయి, ఎడమ కన్ను మూతపడట్లేదు, ఇంట్లోవాళ్లు కూలర్ గాలి కొట్టిందని పసరు మందుకు ఊరికి తీసుకెళ్దామంటున్నారు అని మీ తమ్ముడి గురించి రాశారు. ఊరి ప్రయాణం ఆపండి. ముందు కనుబొమలు పైకెత్తమనండి.

ఎడమ నుదురు కూడా ముడత పడకుండా నున్నగా ఉండిపోతే, ఎక్కువగా అది బెల్స్ పాల్సీయే, అంటే ముఖం నరం వాపు. నుదురు రెండు పక్కలా ముడతపడుతూ మూతి మాత్రమే జారితే స్ట్రోక్, అంటే పక్షవాతం అనుకోవాలి. నుదుటికి మెదడు రెండు వైపుల నుంచీ అదుపు ఉంటుంది కాబట్టి ఒక వైపు దెబ్బతిన్నా అది కదులుతుంది. మాట ముద్దగా వచ్చినా, చెయ్యో కాలో బరువెక్కినా, నడక తూలినా నుదురు సంగతి వదిలేసి 108కి ఫోన్ చేయండి. పక్షవాతంలో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు గడువు లక్షణాలు మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటలే.

బెల్స్ పాల్సీలో వాచే ముఖం నరం చెవి వెనక ఎముకలో సన్నటి గొట్టంలోంచి వస్తుంది. బాగా ఇరుకైన చోట దాని వెడల్పు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. నరం వాస్తే ఉబ్బడానికి చోటు లేక అక్కడే నలిగిపోతుంది. నాలుక ముందు భాగం రుచి, చెవిలోని ఓ చిన్న కండరం కూడా దీని చేతిలోవే. కుక్కర్ విజిల్‌కు ఆ చెవి గుయ్యిమంటోందంటే కారణం ఇదే. చెవిలో పొక్కులు, విపరీతమైన నొప్పి ఉంటే అది రామ్‌సే హంట్, అంటే ఇదే నరానికి వైరస్ సోకడం. దానికి యాంటీవైరల్ మాత్రలూ తప్పనిసరి.

బెల్స్ పాల్సీకి అసలు మందు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర. 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. మామూలుగా పెద్దవాళ్లకు రోజుకు రెండుసార్లు 25 మిల్లీగ్రాముల చొప్పున పది రోజులు రాస్తారు. లేదా రోజుకు మొత్తం 60 మిల్లీగ్రాముల చొప్పున ఐదు రోజులిచ్చి, తర్వాత రోజుకు 10 తగ్గిస్తారు. 2007లో వచ్చిన స్కాట్లాండ్ అధ్యయనంలో ఈ మాత్ర వాడినవాళ్లలో తొమ్మిది నెలలకు నూటికి 94 మందికి పూర్తిగా తగ్గింది, వాడనివాళ్లలో 82 మందికి. మెడికల్ షాపులో అడిగి 10 మిల్లీగ్రాములు మూడు రోజులు వేసుకోవడం, ఉత్త బీ12 ఇంజెక్షన్లతో వారం గడిపేయడం, ఈ రెండూ ఆ గడువును తినేస్తాయి. షుగర్ ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి, ఈ మాత్రతో అది అమాంతం పెరుగుతుంది. మొదటి మూడు రోజుల్లో వంకర ఇంకాస్త ముదరొచ్చు, మాత్ర పనిచేయట్లేదని ఆపేయకండి. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిలోనో, నిమ్స్ న్యూరాలజీలోనో ఇవాళే చూపించండి.

మూతి కంటే నాకు భయం కన్ను గురించే. రెప్ప పడకపోతే నల్లగుడ్డు ఎండి పుండు పడుతుంది, మూతి బాగైనా ఆ మచ్చ పోదు. పగలు గంటకో రెండు గంటలకో కన్ను తడిగా ఉంచే కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ చుక్కలు, బయటికెళ్తే కళ్లజోడు. రాత్రి కంటి ఆయింట్‌మెంట్ పెట్టి, వేలి వెనక భాగంతో రెప్పను పూర్తిగా కిందికి దించి, ఆ తర్వాతే మైక్రోపోర్ టేపు అంటించండి. సగం తెరిచిన కంటి మీద దూది పెట్టి కట్టు కడితే అదే గుడ్డును గీకుతుంది. ఎర్రబడినా, నొప్పి పుట్టినా, మసకేసినా ఆ రోజే మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రికి వెళ్లండి.

కరెంటు పెట్టించే ఫిజియోథెరపీకి డబ్బులు పోయొద్దు, పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. చూయింగ్ గమ్ నమిలించడం, బలంగా బుగ్గలూదించడం కూడా వద్దు. కోలుకునేటప్పుడు నరం తప్పుదారిలో పెరిగితే నవ్వినప్పుడల్లా కన్ను మూసుకుపోతుంది. అద్దం ముందు మెల్లగా చిన్న చిన్న కదలికలు చాలు. చాలామందికి మూడు వారాల్లో కదలిక మొదలవుతుంది. మూడు నెలలకూ పూర్తిగా తగ్గకపోయినా, వారాల తరబడి కొంచెం కొంచెంగా ముదిరినా ఎమ్మారై అడగండి, కణితి ఏదైనా నరాన్ని నొక్కుతుందేమో చూడాలి.

అన్నం కుడి పక్క నమలమనండి. తిన్నాక ఎడమ బుగ్గలో మెతుకులు మిగిలిపోతాయి, వేలితో తీసేసి పుక్కిలించాలి.