ఫోన్ చేతిలో ఉండగా ఫోటోగ్రఫీ చదవడం దండగా?

"మా తమ్ముడు ఇంటర్ అయ్యాక బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఫోటోగ్రఫీ చేస్తానంటున్నాడు. అన్నీ ఫోన్‌లోనే వచ్చేస్తుంటే నాలుగేళ్లు చదవడం దండగ కాదా?" అని అడిగారు.

కెమెరా పట్టుకోవడం నేర్చుకోవడానికే అయితే దండగే. షట్టర్ స్పీడ్, అపర్చర్, ఐఎస్‌ఓ లాంటి కెమెరా సెట్టింగులు నెల రోజుల్లో ఒంటబడతాయి. యూట్యూబ్‌లో తెలుగులోనే చెబుతున్నారు. నేను ఆ కోర్సు చదివాను కాబట్టి నాకు జరిగింది చెబుతాను.

మా నాన్నది చిన్న టౌన్‌లో ఫోటో స్టూడియో. పాస్‌పోర్ట్ సైజులు, పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లతో పాటు ఇంకో పని కూడా ఉండేది. ఎవరైనా పోతే పెద్దకర్మ లోపు దండ వేయడానికి ఫోటో చేసివ్వాలి. ఒకసారి ఇద్దరు అన్నదమ్ములు వాళ్లమ్మ ఓటరు కార్డు పట్టుకొచ్చారు. ఆవిడకున్న ఫోటో అదొక్కటే. నాన్న దాన్ని స్కాన్ చేసి, మొహం కత్తిరించి, కంప్యూటర్లో రెడీగా ఉండే ఆకుపచ్చ పట్టుచీర బాడీకి అతికించారు. మెడలో రెండు పేటల గొలుసు, వెనక నీలం రంగు. ఫ్రేమ్ చేతికివ్వగానే పెద్దాయన "అమ్మ పట్టుచీర కట్టగా నేనెప్పుడూ చూళ్లేదు" అని ఏడ్చేశాడు.

రెండో ఏడాది క్లాసులో ఫోటో సాక్ష్యమా కాదా అని చర్చ వస్తే, నవ్వుకుంటారని ఈ సంగతి చెప్పాను. అందరూ నవ్వారు, మా మేడమ్ తప్ప. "మరి ఆ ఫోటో అబద్ధమా? మూడు పేజీలు రాసుకురా" అన్నారు. వారం రోజులు కుస్తీ పడితే ఒక పేజీ వచ్చింది. ఓటరు కార్డు ఫోటో మనిషిని గుర్తుపట్టడానికి, దండ వేసే ఫోటో గుర్తుంచుకోవడానికి. మొహం ఒకటే, పనులు రెండు. పుట్టినప్పటి నుంచి స్టూడియోలో పెరిగిన నాకు అప్పటిదాకా ఈ ఆలోచనే రాలేదు.

రాజా దీన్ దయాళ్ పేరు విన్నదీ ఆ మేడమ్ క్లాసులోనే. ఆయన రూర్కీలో ఇంజినీరింగ్ చదివి ఫోటోల వైపు వచ్చి, ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు. 1892లో హైదరాబాద్‌లో పరదా పాటించే ఆడవాళ్ల కోసం ఆయన విడిగా జనానా స్టూడియో పెట్టారు, దాన్ని ఒక ఆంగ్లేయ మహిళ నడిపింది. ఫోటో ఎలా ఉందన్నది సరే, కెమెరా వెనక ఎవరున్నారు, ఎవరి ముందు నిలబడటానికి ఎవరు ఒప్పుకుంటారు అని కూడా చూడాలని అక్కడ తెలిసింది.

2023లో జర్మన్ కళాకారుడు బోరిస్ ఎల్డాగ్సెన్ సోనీ ప్రపంచ ఫోటోగ్రఫీ పోటీలో ఒక విభాగంలో గెలిచి, అది ఏఐతో చేసిన బొమ్మ అని చెప్పి అవార్డు వద్దన్నాడు. ఆ వార్త చదువుతుంటే నాకు ఆ పట్టుచీరే గుర్తొచ్చింది. మా స్టూడియోలో ఇప్పుడు ఆ బాడీల అవసరమే లేదు. యాప్‌లో పెడితే పోయినవాళ్లు కళ్లార్పుతున్నారు, నవ్వుతున్నారు. దీన్ని ఎంతవరకు ఒప్పుకోవాలో నాన్నకీ నాకూ ఇంకా కుదరలేదు. "వాళ్లకి ఓదార్పేరా, నీకేంటి టెన్షన్?" అంటారాయన.

కోర్సులో లోటుపాట్లు లేవని కాదు. మా డార్క్‌రూమ్‌లో ఫిల్మ్ నెగటివ్‌ని పెద్దది చేసి ప్రింట్ వేసే ఎన్‌లార్జర్ రెండేళ్లు పాడై పడుంది. చదువైపోయిన మొదటి ఏడాదంతా ఆన్‌లైన్ షాపుల కోసం కుర్తీలు, చెప్పులు ఫోటోలు తీశాను, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద రోజుకి వందకు పైగా. దానికి డిగ్రీ అక్కర్లేదు.

మీ తమ్ముడికి పెళ్లిళ్ల క్యాండిడ్ మీదే ధ్యాసైతే, మంచి ఫోటోగ్రాఫర్ దగ్గర ఆరు నెలలు లైట్లు మోయమనండి. అంతకుమించి ఆసక్తి ఉంటే హైదరాబాద్ జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లో బీఎఫ్‌ఏ ఫోటోగ్రఫీ ఉంది, ఎంట్రన్స్ రాయాలి. లక్ష పెట్టి కెమెరా మాత్రం ఇప్పుడే కొనివ్వకండి. ముందు మీ ఇంట్లో పాత పెళ్లి ఆల్బమ్ ఒకటి చేతికిచ్చి, ఒక్క ఫోటో గురించి రెండు పేజీలు రాయమనండి. విసుక్కోకుండా రాస్తే చేర్పించండి.