ఘాట్ ఎక్కేటప్పుడు ఆగిపోతున్న డీజిల్ ఇంజిన్: ముందు గాలి సంగతి చూడండి

తమ్ముడూ, పాత పికప్‌లో సెకండ్ హ్యాండ్ డీజిల్ ఇంజిన్ పెట్టించావు, బొబ్బిలి వరకు బాగానే వస్తోంది, సాలూరు దాటి ఘాట్ ఎక్కగానే ఆగిపోతోంది, హ్యాండ్ పంపు (డీజిల్‌ని చేత్తో ముందుకు తోసే చిన్న పంపు) కొడితే మళ్లీ స్టార్ట్ అవుతోంది అన్నావు కదా. ఆ చివరి మాటే అసలు ఆధారం: డీజిల్ పైపులోకి గాలి చేరుతోందేమో ముందు చూడాలి. ఫ్యూయల్ పంపు విప్పించి డబ్బు పోగొట్టుకోకు.

ట్యాంకు నుంచి లిఫ్ట్ పంపు (ట్యాంకులోని డీజిల్‌ని ఇంజిన్ వైపు లాగే పంపు) దాకా ఉన్న పైపులో డీజిల్‌ని లాగే ఒత్తిడి ఉంటుంది. అక్కడ సన్న పగులున్నా డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే మెకానిక్ చూసి "లీకేజీ లేదు" అంటాడు.

ఒక క్యాన్‌లో శుభ్రమైన డీజిల్ పోసి, కొత్త పైపుతో నేరుగా లిఫ్ట్ పంపుకి కలుపు. మిగిలిన డీజిల్‌ని వెనక్కి తెచ్చే రిటర్న్ పైపు కూడా అందులోనే పెట్టు. క్యాన్ కదలకుండా గట్టిగా కట్టి అదే ఘాట్ ఎక్కించు. ఆగకపోతే తప్పు ట్యాంకు వైపుదే: పాత రబ్బరు పైపు, క్లిప్పులు, ట్యాంకులోని జాలీ, మూతకున్న గాలి రంధ్రం. అప్పుడూ ఆగితే ఫిల్టరు, దాని రాగి వాషర్లు మార్చు. వాషర్లు పాతవే మళ్లీ వేయనివ్వకు, చాలామంది వేసేస్తారు.

తర్వాత ఫిల్టరు మీద గాలి బయటికి వదిలే బ్లీడ్ స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా హ్యాండ్ పంపు కొట్టి, డీజిల్ కారుతుండగానే బిగించు.

ఇంకో మాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఇంజిన్ మార్పు ఆర్‌టీఓ దగ్గర నమోదు కావాలి. ఆర్‌సీలో పాత ఇంజిన్ నంబరే ఉంటే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ దగ్గర చిక్కొస్తుంది. ఇంజిన్ కొన్న బిల్లు జాగ్రత్తగా పెట్టుకో.