ఒత్తు కావాలంటే ముందు పొల్లు

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. మా అబ్బాయి ఆండ్రాయిడ్ ట్యాబ్ కొనిచ్చి, అందులో జీబోర్డు (గూగుల్ వారి కీబోర్డు) పెట్టి ఇచ్చాడు. ఇంగ్లీషు అక్షరాలు నొక్కితే తెలుగులోకి మారుతున్నాయి గానీ, 'కళ్లు' అని రాయబోతే 'కల్లు' వస్తోంది. పోనీ అని తెలుగు అక్షరాల కీబోర్డుకు మారితే ఒత్తులు ఎక్కడా కనిపించడం లేదు. 'అమ్మ' అని రాయబోయి 'అమమ' దగ్గరే ఆగిపోయాను. రెండింటిలో ఏది నేర్చుకోమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తెలుగు అక్షరాల కీబోర్డునే నేర్చుకోండమ్మా. 'ల'కూ 'ళ'కూ ఇంగ్లీషులో ఉన్నది ఒక్క 'ఎల్' అక్షరమే కాబట్టి, మీరు రాయదలచింది ఏ మాటో కీబోర్డు ఊహించవలసి వస్తుంది. ఆ ఊహ తప్పినప్పుడల్లా పై వరుసలో చూపే మాటల్లోంచి సరైనదాన్ని మీరు వెతికి నొక్కాలి. అక్షరాలన్నీ కరతలామలకంగా ఉన్న మీకు ఆ అవస్థ ఎందుకు?

ఇక ఒత్తుల సంగతి. ఫోన్లూ కంప్యూటర్లూ ఒక్కో అక్షరాన్ని గుర్తుపట్టే సంకేతాల పట్టిక అయిన యూనికోడ్‌లో తెలుగు ఒత్తులకు విడి సంకేతాలు లేవు, అందుకే వాటికి మీటలూ లేవు. 'క్' మీద కనిపించే పొల్లు గుర్తుకు మాత్రం ఒక మీట ఉంటుంది, ఒత్తులన్నీ దానితోనే పుడతాయి. అ, మ, పొల్లు, మ అని వరసగా నొక్కి చూడండి. మూడో నొక్కుకు 'అమ్' అని ఉన్నది నాలుగో నొక్కుకు 'అమ్మ' అవుతుంది. 'లక్ష్మి'కి ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని 7 నొక్కులు పడతాయి. మీరు బడిలో పిల్లలకు పదాన్ని విడదీసి చెప్పిన వరసే ఇది. చేతిరాతలో ఏ గీత ముందు గీస్తామన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, నోరు ఏది ముందు పలుకుతుందో అదే ముందు నొక్కాలి. కాకపోతే 'క్రిమి'లోని క్రారవడికి పొల్లు, ర నొక్కాలి గానీ, 'కృషి'లోని వట్రసుడి అచ్చు గుర్తు కనుక దానికి పొల్లు అక్కరలేదు.

తప్పు పడితే పదమంతా చెరపకండి. 'లక్ష్మి' చివర చెరిపే మీటను ఒకసారి నొక్కితే గుడి ఒక్కటే పోయి 'లక్ష్మ' మిగులుతుంది. తప్పు పదం మధ్యలో ఉంటే, స్పేస్‌బార్ మీద వేలిని పక్కకు జరపండి, కర్సరు అక్కడికి నడుస్తుంది.

'ఫోన్' పక్కన 'లో' చేర్చినప్పుడు పొల్లు వల్ల 'ఫోన్లో' అని ఒత్తు పడుతుంది. అది తప్పేమీ కాదు. నచ్చకపోతే శుభ్రంగా 'ఫోనులో' అని రాయండి.